“నాకు రాదు” అని చెప్పనిద్దాం

పోయిన అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చి బడికి సెలవులిచ్చిన రోజు, మా పాప క్లాసు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మ ఇలా రాసింది: “మళ్లీ సెలవులు. పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి చదివించడం ఎట్లనో ఎవరైనా చెప్పండి. నాకైతే 2020 గుర్తొచ్చి భయమేస్తాంది.”

కింద చాలామంది జవాబులు పెట్టారు. టైమ్‌టేబుల్ వేయండని ఒకరు, టీవీ కేబుల్ తీసేయండని ఒకరు, ఫలానా యాప్ బాగుందని ఇంకొకరు. నేనూ ఏదో టైపు చేసి, తుడిచేశాను. నేను చెప్పాల్సింది నాలుగు వాక్యాల్లో అయ్యేది కాదు. పైగా అందులో నా తప్పు ఒకటుంది. ఈ నెల ఈ పేజీకి రాయమని బడివాళ్లు అడిగినప్పుడు, ఆ తప్పే రాద్దామనుకున్నాను. చదివే తల్లిదండ్రుల్లో ఒకరిద్దరికైనా పనికొస్తుందని ఆశ.

మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు చిన్న బట్టల అంగడి ఉంది. 2020 మార్చి మూడో వారంలో బడులు మూసినప్పుడు మా పెద్దోడు తొమ్మిదో తరగతి, పాప రెండో తరగతి. పది, పదిహేను రోజుల ముచ్చటే అనుకున్నాం. పాప బ్యాగు తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. లోపల సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ కూడా అట్లే ఉండిపోయింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ వచ్చేసరికి మా ఊళ్లో కేసులు బయటపడి వీధులకు అడ్డంగా కర్రలు కట్టారు. అంగడి మూత. పరీక్షలు లేకుండానే పిల్లల్ని పై తరగతికి పంపారు. పాప మూడో తరగతి అయింది. ఎగిరి గంతేసింది. నేనూ సంతోషించాను, దాచుకోవడం ఎందుకు.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అంగడి తెరిచాక పొద్దున అది మా ఆయన జేబులో ఉండాలి, ఎందుకంటే సరుకు పంపేవాళ్ల ఫోన్లు, డబ్బు చెల్లింపులు అన్నీ అందులోనే. పెద్దోడికి పదో తరగతి. సప్తగిరి ఛానల్లో వచ్చే పాఠాలు చూసేవాడు గానీ, బడి పెట్టే లైవ్ క్లాసుకు ఫోనే కావాలి. ఇక పాపకు మిగిలింది రాత్రి 7 తర్వాత సమయం. టీచరు పొద్దున పంపిన వీడియో అప్పుడు చూడాలి, వర్క్‌షీట్ నోట్సులో ఎక్కించుకోవాలి, చేయాలి, ఫోటో తీసి 9 గంటల్లోపు పంపాలి. ఆ సమయానికి నేను పొయ్యి దగ్గర ఉంటాను. పాపకు నిద్ర ముంచుకొస్తుంటుంది.

మొదటిసారి ఎట్లా జరిగిందో నాకు బాగా గుర్తుంది. తీసివేతలు. 52లో నుంచి 27 తీయాలి. పాప 35 అని రాసింది. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7 ఉంటే, 2లో నుంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లో నుంచి 2 తీసేసింది. 5 వచ్చింది. 5లో నుంచి 2 పోతే 3. అంతే, 35. ఆ వయసు పిల్లలు చాలామంది చేసే తప్పే అది. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదని దానర్థం. అది ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది ఒకటే, గడియారంలో 8:50 అయింది. “తుడువు. 25 అని రాయి” అన్నాను. రాసింది. మిగిలిన తొమ్మిది లెక్కలకూ జవాబులు నేనే చెప్పాను. ఫోటో పంపాను. ఐదు నిమిషాల్లో టీచరు దగ్గర్నుంచి బంగారు నక్షత్రం బొమ్మ వచ్చింది. “వెరీ గుడ్” అని కూడా.

ఆ నక్షత్రం చూసి పాప నవ్వింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మరుసటి రోజూ అంతే. తర్వాత అది అలవాటైంది. ఆగస్టులో ఆన్‌లైన్ పరీక్ష పెట్టారు. పాప ఫోను ముందు కూర్చుంటే, కెమెరాకు కనపడకుండా నేను ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి, గొంతు పెగలకుండా పెదాలతో జవాబులు చెప్పాను. 20కి 20. ఆ మార్కులను మా అక్కచెల్లెళ్ల గ్రూపులో కూడా పెట్టుకున్నాను.

ఎందుకు చేశానని తర్వాత చాలాసార్లు అడుగుకున్నాను. బద్ధకం కొంత, భయం ఎక్కువ. అంగడి సరిగా నడవని రోజుల్లో కూడా ఫీజు కట్టాం. అంత కట్టినప్పుడు బిడ్డ వెనకబడిందన్న మాట వినే ధైర్యం నాకు లేదు. ఫోను తెర మీద నలభై మంది పిల్లల పేర్లు, పేరు పక్కనే నక్షత్రాలు. పాప పేరు పక్కన ఖాళీగా ఉంటే నన్నే అందరూ చూస్తున్నట్టు ఉండేది. అందరి ఇళ్లలోనూ ఇదే జరుగుతోందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ సంవత్సరం దసరాకు జమ్మలమడుగు దగ్గర మా అత్తగారి ఊరికి పోయాం. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. మామ పప్పుశనగ విత్తనానికి సిద్ధమవుతున్నాడు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరవడంతో, మా ఆయన, పెద్దోడు ప్రొద్దుటూరు వెనక్కి పోయారు. వాళ్లతోపాటే ఫోనూ పోయింది. చిన్న పిల్లలకు బడి ఇంకా తెరవలేదు. ఆదివారం మా ఆయన వచ్చినప్పుడు వారం పని అంతా ఒకేసారి పంపొచ్చులే అని, పాపను పెట్టుకుని నేను ఊర్లోనే ఉండిపోయాను. నా చేతిలో మిగిలింది బటన్ల ఫోను.

అప్పుడే మా ఇంటికి ఇంకో పిల్లవాడు వచ్చాడు. మా ఆయన పెద్దనాయన కూతురిని కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో ఇచ్చారు. ఆ ఏడు గండికోట జలాశయంలో నీళ్లు ఎక్కువ నిలబెట్టడంతో ఆ ఊరిలోకి నీళ్లొచ్చాయి. జనం ఇళ్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. వాళ్లు కొత్త చోట నిలదొక్కుకునే వరకు పిల్లవాడిని కొన్ని వారాలు మా దగ్గర పెట్టారు. తొమ్మిదేళ్లు ఉంటాయి, సర్కారు బడిలో నాలుగో తరగతి. వాడికి మాదిరి ఫోను, వర్క్‌షీట్లు లేవు. ఒక యూరియా సంచిలో నాలుగు పుస్తకాలు, ఒక పలక, రెండు జతల బట్టలు తెచ్చుకున్నాడు. మనందరి పిల్లలకూ ఆ ఏడు బడి మూసేశారు. వాడికైతే బడి తెరిచినా తిరిగిపోవడానికి ఊరు లేదు.

వచ్చిన మూడో రోజు సాయంత్రం, నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, వాడు పలక పట్టుకుని వచ్చాడు.

“అత్తా, నాకీ లెక్క రాదు. చెప్తావా?”

అంతే. సిగ్గు లేదు, నసుగుడు లేదు. దాహం వేస్తాంది, నీళ్లియ్యి అన్నంత మామూలుగా అడిగాడు. 403లో నుంచి 168 తీసే లెక్క. పక్కనే ఉన్న పాప వాడి వైపు వింతగా చూసింది. తర్వాత నా చెవి దగ్గరకు వచ్చి గుసగుసగా అంది: “అమ్మా, వాడు రాదని చెప్పేసినాడే!”

ఏదో చెప్పకూడని మాట వాడు చెప్పేసినట్టు ఉంది దాని గొంతు.

నేను నవ్వి, “నువ్వూ పట్టు, ఇద్దరూ కలిసి చేయండి” అని చిన్న లెక్క ఇచ్చాను. మళ్లీ 52, 27 రకమే. పాప బలపం పట్టుకుంది. కానీ పలక వైపు చూడలేదు. నా ముఖం వైపు చూస్తూ ఉంది. కాసేపటికి అర్థమైంది, అది నా పెదాల వైపు చూస్తోంది. జవాబు అక్కడి నుంచి వస్తుందని ఎదురుచూస్తోంది.

చేతిలో చిక్కుడుకాయ అట్లే ఉండిపోయింది. మూడు నెలలుగా బిడ్డకు నేను నేర్పిన పాఠం అదే.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అడిగాను. “పాపా, తీసివేతలు నీకు నిజంగా రావా?” చాలాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత నెమ్మదిగా అంది:

“ఆ ఇరవై మార్కులు నీవే కదమ్మా. నాకు రాదని తెలిస్తే మిస్ నన్ను మళ్లీ రెండో క్లాసుకు పంపిస్తాదేమో.”

ఎనిమిదేళ్ల బిడ్డ ఆ భయం మోసుకుంటూ నక్షత్రాలు తీసుకుంటోంది. నేను చూసింది నక్షత్రాలనే.

పొద్దున ఈ సంగతి మా అత్తకు చెప్పాను. చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆమె చదువుకోలేదు. కానీ బర్రెపాల లెక్క ఎవరికీ ఒక్క రూపాయి తేడా రానీయదు. ఎవరింటికి ఎన్ని పూటలు పోసిందో పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టి నోటితోనే డబ్బు చెప్పేస్తుంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “బిడ్డను నాకాడికి పంపు” అంది.

కొట్టం వెనక కందికట్టె ఉంది. దాన్ని వేలెడంత పొడుగు పుల్లలుగా విరిచి, పదేసి పుల్లలను దారంతో కట్టలు కట్టించింది. కట్టడం పిల్లల పనే. ఆ కట్టలు కట్టడానికే ఒక పూట పట్టింది. తర్వాత ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టింది.

“ఇందులో నుంచి ఏడు పుల్లలు నాకియ్యి.”

పాప రెండు విడి పుల్లలు ఇచ్చింది. చేయి ఆగిపోయింది. “ఇంకా ఐదు లేవు జేజీ.”

“లేవా? ఆ కట్టలన్నీ ఏంది మరి?”

“అవి కట్టలు కదా.”

“అంగట్లో చిల్లర లేకపోతే మీ నాయన ఏం చేస్తాడు? నోటు మార్చుకోడా? కట్ట విప్పు.”

పాప ఒక కట్ట విప్పింది. పది పుల్లలు చాప మీద చెల్లాచెదురైనాయి. ఏడింటిలో తక్కువైన ఐదు ఇచ్చింది. తర్వాత 27లో మిగిలిన రెండు కట్టలు ఇచ్చింది. దాని దగ్గర మిగిలినవి లెక్కపెట్టుకుంది. రెండు కట్టలు, ఐదు పుల్లలు. “ఇరవై ఐదు” అంది. నా ముఖం వైపు చూడలేదు. పుల్లల వైపే చూస్తోంది.

ఇది చదివి, ఒక్క రోజులో వచ్చేసిందనుకోకండి. రాలేదు. పుల్లలతో వచ్చింది పలక మీద రాలేదు. పలక మీద వచ్చాక, 40లో నుంచి 13 అనేసరికి సున్నా దగ్గర మళ్లీ తప్పింది. పిల్లవాడి లెక్కలో సున్నా నడిమధ్యలో ఉంది. వాడూ అక్కడే తప్పేవాడు. పది పదుల కట్టలను ఇంకో పెద్ద తాడుతో కలిపి వందల మోపు చేశాక గానీ వాడికి దారి దొరకలేదు. ఇద్దరికీ తొమ్మిది రోజులు పట్టింది. రోజుకు అరగంట, ముప్పావుగంట. ఒకరోజు పాప ఏడ్చి పుల్లలు విసిరికొట్టింది. ఆ రోజు ఎవరూ లెక్కల మాట ఎత్తలేదు.

ఆ తొమ్మిది రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే, నోరు మూసుకుని పక్కన కూర్చోవడం. అది చాలా కష్టమైన పని. బిడ్డ తప్పు రాస్తుంటే జవాబు మన నాలుక చివరిదాకా వస్తుంది. చీరకొంగు నోట్లో కుక్కుకున్న రోజులున్నాయి.

ఇక మిగిలింది టీచరుకు చెప్పడం. బటన్ల ఫోనులో నంబరు నొక్కడానికి రెండు రోజులు ఆలోచించాను. చివరికి నొక్కాను. “మేడమ్, పాప పంపిన వర్క్‌షీట్లలో జవాబులన్నీ నావే. ఆగస్టు పరీక్ష కూడా నేనే రాయించాను. తనకు తీసివేతలు రావు. ఇప్పుడిప్పుడే పుల్లలతో నేర్చుకుంటోంది” అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. చిన్నబిడ్డ ఏడుపు వినపడింది. ఆమె కూడా ఇంట్లో నుంచే, బిడ్డను ఒళ్లో పెట్టుకుని క్లాసులు చెబుతోందని అప్పుడు తెలిసింది.

ఆమె నన్ను తిట్టలేదు. “నాకు రోజూ నలభై ఫోటోలు వస్తాయమ్మా. అన్నీ కరెక్టే. నలభై మందికీ వచ్చేసిందని నేను భాగహారానికి పోయినాను. ఎవరికి రాలేదో తెలిస్తే కదా నేను ఆగేది” అంది. తర్వాత ఒక మాట అడిగింది: “ఇకనుంచి తప్పులు తుడవకుండా పంపుతారా?”

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మనం తుడిచేసిన ప్రతి తప్పు టీచరుకు అందాల్సిన సమాచారం. తరగతి గదిలో అయితే ఆమె బెంచీల మధ్య నడుస్తూ, భుజం మీదుగా తొంగిచూసి, 35 అని రాసిన బిడ్డ దగ్గర ఆగేది. ఫోను తెర అవతల ఉన్నప్పుడు ఆమెకు ఆ కళ్లు మనమే. నేను ఆ కళ్లకు గంతలు కట్టాను. నా బిడ్డకు సాయం చేస్తున్నాననుకుని, దానికి రావాల్సిన సాయాన్ని అడ్డుకున్నాను.

తర్వాతి ఆదివారం నుంచి తప్పులతోనే పంపాం. 10 లెక్కల్లో 6 ఒప్పు, 4 తప్పు. నక్షత్రం రాలేదు. పాప దిగులుపడింది. బదులుగా టీచరు గొంతు వచ్చింది: “సున్నా ఉన్న లెక్కలే తప్పుతున్నావు చూడు. అవి నాలుగు ఇస్తాను, అవి మాత్రమే చెయ్యి.” నాలుగు లెక్కలు. అవి పాపకు నిజంగా అవసరమైన నాలుగు లెక్కలు. నా నక్షత్రాల రోజుల్లో ఒక్కసారి కూడా అట్లాంటి పని రాలేదు.

నవంబరు చివర్లో నివర్ తుఫాను వచ్చి మూడు రోజులు వానలు దంచినాయి. కరెంటు లేదు. చేలో మొలిచిన శనగ మీద నీళ్లు నిలిచినాయని మామ దిగులుగా కూర్చున్నాడు. పిల్లలు దీపం దగ్గర అమ్మమ్మలూ జేజిలూ చెప్పే కథలు విన్నారు, పాత తెలుగు వాచకం వంతులవారీగా బయటికి చదివారు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పాపకు ఒత్తులు కూడా సరిగా రావడం లేదు. నేను ఇన్నాళ్లూ తెలుగుకేముందిలే, ఇంట్లో మాట్లాడే భాషే కదా అనుకున్నాను.

వానలు వెలిసి ఎండ వచ్చాక మామ పిల్లలిద్దరినీ, నన్నూ ఆటోలో గండికోటకు తీసుకుపోయాడు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే. ఇంత దగ్గరున్నా పాప అదే మొదటిసారి చూడడం. లోయ అంచున నిలబడి, కింద పెన్నలో నీళ్లు చూసి “ఇంత లోతా అబ్బా!” అంది. గండి అంటే ఇదే, కోటకు ఆ పేరు దీన్నిబట్టే వచ్చిందని మామ చెప్పాడు. ఆ నీళ్లు చూసి పిల్లవాడు మాత్రం ఏమీ అనలేదు. వాడి ఊరు ఏ వైపో మామను అడిగి, అటు చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

మసీదు, మాధవరాయస్వామి గుడి చూసి, ధాన్యాగారం దగ్గరకు వచ్చాం. అక్కడ ఒక బోర్డు కనపడింది. మామ “నాకు కండ్లు సరిగా ఆనవు, చదివి చెప్పు పాపా” అన్నాడు. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. పాప మొదలుపెట్టింది. ‘ధా’ దగ్గర ఆగింది. ‘న్యా’ దగ్గర ఇంకాసేపు ఆగింది. వెనక ఎవరో ఫోటో కోసం ఎదురుచూస్తున్నారు. నాకు గొంతు దాకా వచ్చింది. మామ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఊరుకున్నాను. “ధా... న్యా... గా... రం. ధాన్యాగారం!” అంది పాప. తర్వాత, “అంటే గింజలు పోసుకునే గాదె కదా అబ్బా?” అని అడిగింది. అర్థం కూడా దానికే తట్టింది. నేను ముందే చెప్పేసి ఉంటే, ఆ రెండూ దానికి దక్కేవి కావు.

2021 ఫిబ్రవరి 1న చిన్న తరగతులకూ బడులు తెరిచారు. పాప పాత బ్యాగు పట్టుకుని పోయింది. రెండున్నర నెలలకే, ఏప్రిల్‌లో రెండో అల వచ్చి మళ్లీ మూసేశారు. ఆగస్టు 16న గానీ తెరవలేదు. రెండోసారి మూసినప్పుడు కూడా మాకు ఫోను ఒక్కటే, కష్టాలు అవే. కానీ అబద్ధం లేదు. మే నెలలో ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చి ఇరవై రోజులు పుస్తకం తెరవలేదు. నేను టీచరుకు అదే రాశాను: “ఇరవై రోజులు ఏమీ చదవలేదు మేడమ్.” “ఆరోగ్యం చూసుకోండి, ఆపిన చోటి నుంచే మొదలుపెడదాం” అని జవాబు వచ్చింది.

మా ఇంటి కథే అనుకోకుండా ఒక లెక్క చెబుతాను. ప్రథమ్ అనే సంస్థ ఊరూరూ తిరిగి పిల్లల చదువును పరీక్షించి ‘అసర్’ అనే నివేదిక ఇస్తుంది. దాని ప్రకారం దేశంలోని పల్లెల్లో, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది. బడులు తెరిచాక 2022లో చూస్తే 20.5 మందికి తగ్గారు. ఆ లెక్కలో ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. కాబట్టి ఫీజు కట్టే ఇళ్లలో ఈ సమస్య లేదనుకోవద్దు. మన ఇళ్లలో అది కనపడకుండా పోవడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే జవాబు చెప్పగలిగే అమ్మానాన్నలు పక్కనే ఉంటాం.

గ్రూపులో అడిగిన ఆ అమ్మకు, మా ఇంట్లో నిలిచిన పద్ధతులు చెబుతాను. వేరే ఇంట్లో వేరేగా ఉండొచ్చు.

బడి లేని రోజు ఆరు గంటల టైమ్‌టేబుల్ మా ఇంట్లో ఎప్పుడూ నడవలేదు. పొద్దున టిఫిన్ అయ్యాక ముప్పావుగంట, సాయంత్రం అరగంట. అంతే. ఆ సమయంలో నేను ఫోను పట్టుకోను, పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటాను. 

నోట్సులో పేజీని మధ్యకు మడిచి ఒకవైపు ‘వచ్చింది’, ఒకవైపు ‘రాలేదు’ అని రాసుకుంటాం. ‘రాలేదు’ వైపు ఉన్నవి టీచరుకు పోతాయి. అది తిట్లు తినే జాబితా కాదని బిడ్డకు నమ్మకం కలగడానికి కొన్ని వారాలు పట్టింది. ఒక్కసారి తిట్టినా ఆ వైపు ఖాళీ అయిపోతుంది. రబ్బరు వాడనీయం. తప్పును అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన మళ్లీ చేయాలి. అప్పుడు ఎక్కడ దారి తప్పిందో కనపడుతుంది.

రోజూ పది నిమిషాలు బయటికి చదవాలి. పెళ్లి పత్రిక, పేపరు, మందుల డబ్బా, ఎరువుల సంచి, ఏదైనా సరే. తడబడితే మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఆ తర్వాత కూడా రాకపోతే అప్పుడు అందిస్తాను.

ఇంకొకటి. నేను తెలుగు మీడియం. “ఇంగ్లీషు పుస్తకం నేనేం చెప్పగలను” అని చాలామంది అమ్మలు వెనక్కి పోతారు. మనం చెప్పాల్సిన పనిలేదు. “ఇందులో ఏముందో నాకు తెలుగులో చెప్పు” అంటే చాలు. బిడ్డ చెప్పగలిగితే అర్థమైనట్టే. నట్టుతుంటే ఎక్కడ అర్థం కాలేదో అక్కడే తెలిసిపోతుంది. మనకు తెలియకపోవడం ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే మనం జవాబు అందించలేం.

తాళ్లప్రొద్దుటూరు పిల్లవాడు కొత్త కాలనీ దగ్గర బడిలో చేరాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. పండగలకు వస్తే ఆ పుల్లల కట్టల మాట తెచ్చి నవ్వుతాడు. వాడు నాకు చేసిన మేలు వాడికి తెలియదు. “రాదు” అని ధైర్యంగా అడిగి, ఆ మాట మా ఇంట్లోకి తెచ్చింది వాడే.

పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో క్లాసు ఫస్టేమీ కాదు, మధ్యలో ఉంటుంది. ఆ మార్కులు దానివి. మొన్న తుఫాను సెలవుల్లో కిటికీ దగ్గర కూర్చుని బీజగణితం చేసుకుంటూ, “అమ్మా, ఇది నాకు రాలా” అంది. నేను పోయి చూశాను. నాకు అసలే అర్థం కాలేదు. “నాకూ రాదు” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ‘రాలేదు’ వైపు ఆ లెక్క నంబరు రాసుకుంది. బడి తెరిచిన రోజు పొద్దున, బస్సు ఎక్కే ముందు, ఆ పేజీ బ్యాగులో ఉందో లేదో తనే ఒకసారి తీసి చూసుకుంది.